ఆర్కిడ్ ఆకు సందుల్లోని పొలుసు పురుగులను వదిలించడం ఎలా?

మా బాల్కనీలోని ఫెలనాప్సిస్ ఆర్కిడ్ ఆకుల అడుగున, నడిమి ఈనె పొడవునా గోధుమరంగు పొలుసు పురుగులు అంటుకుని ఉన్నాయి. గోటితో గీకితే పెంకు ఊడివస్తోంది, కింది ఆకులపై జిగురు పేరుకుని, ఆ తీపికి చీమలు కూడా చేరుతున్నాయి. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడిచి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేస్తున్నాను. పెద్ద పురుగులను పెంకు కాపాడుతుంది కనుక మందు ముఖ్యంగా పాకే పిల్ల పురుగుల మీదనే పనిచేస్తుందని, అందుకే వారం పది రోజులకోసారి మళ్లీ కొట్టాలని తెలుసు. అయినా ఆకు మొదళ్ల సందుల్లో కొత్తవి కనిపిస్తూనే ఉన్నాయి. అక్కడ తడి నిలిస్తే మొవ్వు కుళ్లిపోతుందన్నదే నా అసలు భయం. ఆ సందులను ఎలా శుభ్రం చేయాలో, కుండీలోని బెరడు ముక్కలను కూడా మార్చాలో లేదో అనుభవమున్నవారు దయచేసి తెలుపగలరు.