చెరను చెరగా... ఆ "గా" ఏం చేస్తోందక్కడ?

బోయినపల్లి:
పెద్దలందరికీ నమస్కారం. ఒక వాక్యం మూడు రోజులుగా నన్ను నమిలేస్తోంది. మా పక్క వాటాలో ఒక టీచరమ్మగారు ఉంటారు. రిటైరై చాలా కాలమైంది. ఆవిడ తమ్ముడు అమెరికాలో లూసియానాలో స్థిరపడ్డాడు. సెలవు దొరికితే చాలు, అక్కడి పెద్ద జైలుకు వెళ్ళి ఖైదీల మధ్య కూర్చుని వస్తాడు. చెరసాల పరిచర్య అంటారు వీళ్ళు. ఆదివారం సాయంత్రం సికింద్రాబాద్‌లో వీళ్ళ సంఘం కూడికలో ఆయన వీడియోలో మాట్లాడాలి. ఇంగ్లీషులో ఆరు పేజీలు పంపాడు. తెలుగు చెయ్యమని నా చేతిలో పెట్టారు. నేను క్రైస్తవుణ్ణి కాను. తెలుగు ఎంఏ చదవడమొక్కటే నా నేరం.

మూడో పేజీలో బైబిల్లోని పౌలు మాట ఒకటుంది, ఎఫెసీయులకు రాసిన పత్రిక, అంటే ఉత్తరంలోది, 4:8. నా చెవిలో అది "చెరను చెరపట్టి" అని మోగుతోంది. టీచరమ్మగారు కందిపప్పు ఏరుతూ పాటలాగా అనే మాట అదే. అచ్చులో వేరేగా చూసినట్టు గుర్తు. ఆవిడ బైబిలు బైండింగుకు పోయింది. నా ఫోన్లో దొరికింది వాడుక భాష అనువాదం, అందులో అసలు చెరే లేదు. సరైన పాఠం ఎవరైనా చెబుతారా? ఇక్కడ "చెర" అంటే జైలా, జైల్లో మనిషా?

అల్వాల్ అక్క:
"అందుచేత ఆయన ఆరోహణమైనప్పుడు, చెరను చెరగా పట్టుకొనిపోయి మనుష్యులకు ఈవులను అనుగ్రహించెనని చెప్పబడియున్నది." సండే స్కూల్లో కంఠతా పట్టినదాన్ని, పుస్తకం అక్కర్లేదు. చెరపట్టి కాదండీ, చెరగా పట్టుకొనిపోయి.

ఆయనంటే క్రీస్తు. అర్థమంటారా, ఇంట్లోనే రెండు పార్టీలు. పాతాళంలో ఎదురు చూస్తున్న పూర్వకాలపు భక్తులను విడిపించి తనతో తీసుకుపోయాడని మా తాతగారు. శత్రువులను ఓడించి, గెలిచిన రాజు బందీలను ఊరేగించినట్టు తీసుకుపోయాడని మా నాన్నగారు. క్రిస్మస్ భోజనం దగ్గర ఈ గొడవ లేకపోతే మాకు పండుగ అయినట్టుండేది కాదు.

తార్నాక మాస్టారు:
ముందు అక్షరం సరిచేసుకుందాం. అది చెర కాదు, చెఱ. శకట రేఫం. తమిళంలో సిఱై, అక్కడా బండి ఱ యే. మనవాళ్ళు బండి దిగేసి నడక మొదలుపెట్టాక ఇలాంటి సందేహాలన్నీ పుట్టాయి. తమిళ సిఱైకి చెర అనీ అర్థం, నీటికి అడ్డంగా వేసే కట్ట అనీ అర్థం. మన చెఱువులో ఉన్నదీ ఆ ఱ యే. నీళ్ళను కట్టేస్తే చెఱువు, మనిషిని కట్టేస్తే చెఱ. ధాతువు ఒక్కటే. కాబట్టి "చెఱను" అంటే కట్టుబాటును. మనిషిని కాదు.

మల్కాజిగిరి తమ్ముడు:
మాస్టారూ, అట్లయితే మా చర్లపల్లి ముచ్చట చెప్పాలె. చెర్వు ఉన్నది, సెంట్రల్ జైలూ ఉన్నది. మీ లెక్కన రెండూ ఒక్కటే మాటైతే ఆ ఊరికి పేరు పెట్టినోడు జ్యోతిష్యుడన్నట్టు 😀

నల్లకుంట:
మాస్టారికి దణ్ణం పెట్టి ఒక చిన్న అడ్డు. మన చెవి కన్నడంలో కివి. మన చెయ్యి కై. మన చెరువు కెరె. మనకు చ ఉన్నచోట వాళ్ళకు క. మరి మన చెర? కన్నడంలో సెరె, సెరెమనె. ధాతువు ఒక్కటే అయితే చెరువుకు క వచ్చి, చెరకు స ఎలా వచ్చింది?

తార్నాక మాస్టారు:
సెరె వాళ్ళు తమిళం నుంచి ఎరువు తెచ్చుకున్నది.

నల్లకుంట:
మీ వాదానికి ఎక్కడ చిల్లు పడితే అక్కడ ఎరువేనా అండీ?

బోయినపల్లి:
అయ్యా, నా "గా" సంగతి...

నల్లకుంట:
వస్తున్నా. అక్కగారు చెప్పిన పాఠం సరే. పౌలు అక్కడ దావీదు కీర్తన ఎత్తి చెబుతున్నాడు, 68:18. అదే తెలుగు బైబిల్లో ఆ కీర్తన తీసి చూడండి: "నీవు ఆరోహణమైతివి, పట్టబడినవారిని చెరపట్టుకొని పోతివి." కీర్తన హెబ్రీలోనూ పౌలు గ్రీకులోనూ ఒకే పోత. పాత నిబంధనలో దెబోరా పాటలోనూ అదే. చెర అన్న క్రియకు చెర అన్న నామమే కర్మ. మనకిదేం వింత కాదు, ఆట ఆడతాం, పాట పాడతాం. అలా "చెరను చెరపట్టి" అనేస్తే అచ్చ తెలుగు. కీర్తనలో అనువాదకుడు దాన్ని విప్పి "పట్టబడినవారిని" అని మనుషుల్ని చేశాడు. పత్రికకొచ్చేసరికి విప్పకుండా మూట మూటగానే ఉంచి, మూతికి ఒక "గా" తగిలించాడు. బందీగా పట్టుకొనిపోయినట్టు చెరగా పట్టుకొనిపోయి. చెరనే బందీని చేశాడన్నమాట. ఆ ఒక్క అక్షరంతో చెరకు ప్రాణం వచ్చింది. నా మటుకు ఇది పొరపాటు కాదు, కవిత్వం.

ఇంకో తమాషా. కీర్తనలో ఆయన మనుషుల చేత కానుకలు తీసుకుంటాడు. పౌలు దగ్గరికి వచ్చేసరికి మనుషులకు ఈవులిస్తాడు. క్రియ తిరగబడింది. దాన్ని వదిలేసి మనం గా పట్టుకున్నాం.

తార్నాక మాస్టారు:
"గా" విభక్తి అని ఎవరన్నారు? చెరగు అనే క్రియ ఉంది కదా, తుడిచిపెట్టుకుపోవడం. చెరగని ముద్ర అంటాం. "చెరను చెరగా" అంటే చెర చెరిగిపోయేటట్టుగా! ఎంత సొగసు! శబ్దరత్నాకరం నిఘంటువు అటక మీదుంది, దింపి రేపు అందులో ఆ మాట చూపిస్తాను.

నల్లకుంట:
చెరిగేటట్టు అయితే "చెరగగా" కావాలి, ఒక గ తక్కువైంది. పైగా "చెరను" అని ద్వితీయ పెట్టాక అది తనంతట తాను ఎలా చెరుగుతుంది మాస్టారూ, చెరపాలి గానీ. ఇంకొకటి, ఇందాక మీరే చెఱకు బండి ఱ కట్టారు. చెరగుకూ అదే బండా? రేపు ఆ పుస్తకం దిగాక అదీ చెప్పండి.

తిరుమలగిరి:
నాదో ఊహ. పాత నిబంధన నిండా "చెరగొనిపోయెను" అని ఉంటుంది. చెరగొని అన్నదాన్ని అచ్చుకూర్పువాడు "చెరగా పట్టుకొని" చేసి ఉంటాడా?

అల్వాల్ అక్క:
కూర్పువాడి మీద తోసేస్తే ఎట్లా! 1805లో లండన్ మిషను వాళ్ళు విశాఖపట్నంలో దిగినప్పటి నుంచి ఎంతమంది పండితుల చేతులు పడ్డాయో దీని మీద. గొని ఎక్కడ, గా పట్టుకొని ఎక్కడ.

బోయినపల్లి:
ధన్యవాదాలు. నా అసలు చిక్కు ఇంకా చెప్పలేదు. "చెరపట్టి" అని నేను పెట్టలేను. పేపర్లో ఇప్పుడు ఆ మాట ఎక్కడ కనిపిస్తుందో మీకు తెలుసు. రావణుడు చేసిన పని అది. క్రీస్తుకు ఆ క్రియ అంటగడితే వినేవాళ్ళు ఉలిక్కిపడతారు. టీచరమ్మగారికి మాత్రం అలా వినిపించదు, ఆవిడ చెవి వేరు.

ఆ జైలు సంగతీ చెప్పాలి. పేరు అంగోలా.

మల్కాజిగిరి తమ్ముడు:
అన్నా, లూసియానా అన్నవ్, ఇప్పుడు ఆఫ్రికా అంటున్నవ్?

బోయినపల్లి:
ఆఫ్రికా కాదు తమ్ముడూ. లూసియానా రాష్ట్రపు జైలే. అక్కడ ఒకప్పుడు తోటలుండేవి, తోటలో బానిసలు వచ్చిన దేశం పేరు తోటకు, తోట పేరు జైలుకు. 18,000 ఎకరాలు. మూడు వైపులా మిసిసిపీ నది, కరకట్టలు. (మాస్టారి సిఱై గుర్తొచ్చి ఇది రాస్తున్నా.) ఎక్కువమంది యావజ్జీవం వాళ్ళే. ఆ రాష్ట్రంలో యావజ్జీవమంటే పద్నాలుగేళ్ళో ఇరవయ్యేళ్ళో కాదు, పెరోల్ లేదు, పోయేదాకా అక్కడే. 1995లో న్యూ ఆర్లియన్స్ బాప్టిస్టు సెమినరీ వాళ్ళు లోపలే కాలేజీ పెట్టారు. పట్టా పుచ్చుకున్న ఖైదీలే ఆ జైల్లో పాస్టర్లు. కొందరిని వేరే జైళ్ళకు మిషనరీలుగా పంపుతారు, ఖైదీగానే. వాళ్ళలో వడ్రంగులు శవపేటికలు చేస్తారు. 2018లో పేరున్న సువార్తికుడు బిల్లీ గ్రాహం పోతే ఆయన్ను పెట్టింది వాళ్ళు చేసిన ప్లైవుడ్ పెట్టెలోనే.

తమ్ముడుగారు రాసింది ఏమిటంటే, మొదటిసారి వెళ్ళినప్పుడు లూకా 4:18 చదివాడట, "చెరలోనున్నవారికి విడుదల". ముందు వరసలో ముసలి ఖైదీ ఒకడు నవ్వాడట. వెటకారంగా కాదు, పిల్లవాడు తప్పు లెక్క చెబితే నవ్వినట్టు. ఆ పేరా దగ్గర నా కలం ఆగిపోయింది. విడుదల అని పెట్టనా, విముక్తి అని పెట్టనా?

అల్వాల్ అక్క:
అయ్యో. మా వాళ్ళకు విడుదల అనగానే జైలు గుర్తు రాదండీ. తాగుడు నుంచి విడుదల, అప్పుల నుంచి విడుదల, జ్వరం నుంచి విడుదల. చర్చిలో చెప్పే సాక్ష్యాల్లో వినలేదా? అంత వాడి వాడి, తాళం ఉన్న తలుపు ముందు ఆ మాట ఎలా వినిపిస్తుందో మర్చిపోయాం.

నల్లకుంట:
గ్రీకులో అక్కడున్నది ఆఫెసిస్. విడిచిపెట్టడం. పాపక్షమాపణ అన్నచోట కూడా గ్రీకులో అదే మాట. మన అనువాదంలో ఒకచోట విడుదల, ఒకచోట క్షమాపణ అయ్యేసరికి వంతెన తెగింది. ఆ ముసలాయనకు ఇంగ్లీషులోనూ తెగే ఉంటుంది. మీరు "విడిచిపెట్టడం" అని వాడి చూడండి, రెండు ఒడ్లకూ అందుతుంది.

కోఠీ వకీలు:
ఇక్కడ ఒక మాట అనక తప్పదు. చెరలో ఉన్నవాడు లేచిపోలేడు. వినక చేసేదేముంది? మీ గ్రంథంలోనే ఉంది, పౌలు సీలలు అర్ధరాత్రి జైల్లో పాడుతుంటే "ఖయిదీలు వినుచుండిరి". వాళ్ళకు ఇష్టమో కాదో రాసినాయన చెప్పలేదు. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మండేలా నియమాల్లో 65వది చదవండి. మత ప్రతినిధిని కలుస్తానంటే ఏ ఖైదీకీ కాదనకూడదు, వద్దంటే ఆ మాటా పూర్తిగా మన్నించాలి. రెండో సగం అందరూ మర్చిపోతారు.

తార్నాక మాస్టారు:
ఖయిదీలు! గమనించారా? నిండు గ్రాంథికం మధ్యలో పారసీ దారిన వచ్చిన అరబ్బీ మాట. "చెరలోనివారు" అనే అవకాశం ఉండి కూడా. అంటే ఆనాటికే జనం నోట చెర పోయి ఖైదు వచ్చేసింది.

మల్కాజిగిరి తమ్ముడు:
మా దిక్కు చెర అని ఎవ్వరనరు మాస్టారూ. జైలు, ఖైదు, లోపలికి పోయిండు, శ్రీకృష్ణ జన్మస్థానం. కలిసేటందుకు పోతే ములాఖత్. మా బాబాయి కోసం చంచల్‌గూడ పోయినప్పుడు చీటీ మీద అదే రాసిన. జాలీకి అటు ఆయన, ఇటు మేము, నడుమ మస్తు లొల్లి, ఏం మాట్లాడినమో సగం వినపడలే. అమ్మ కట్టిచ్చిన సకినాలు వాపసు తెచ్చుకున్నం.

బోయినపల్లి:
తమ్ముడూ, అక్కడా తిండి సంగతి వచ్చింది. ఈయన కైరోస్ అనే పరిచర్యతో వెళ్తాడు, 1976లో ఫ్లోరిడా జైల్లో మొదలైంది. ఇళ్ళలో కాల్చిన కుకీలు సంచులకొద్దీ తీసుకెళ్తారు. ఒకాయన కుకీ తినకుండా రుమాల్లో కట్టి, పడనివాడికి ఇచ్చి వచ్చాడట. అది చదివి టీచరమ్మగారు కళ్ళజోడు తీసేశారు.

తిరుమలగిరి:
కైరోస్ అంటే గ్రీకులో తగిన సమయం. "ఇప్పుడే మిక్కిలి అనుకూలమైన సమయము" అన్నచోట అదే.

ఖైదీ అనే మాటకు మారుమాట కావాలంటే బ్రెజిల్ చూడండి. 1972లో సావో జోసే దోస్ కాంపోస్‌లో కొందరు క్రైస్తవులు మొదలుపెట్టిన అపాక్ జైళ్ళలో ఖైదీ అనరు, రెకుపెరాందో అంటారు. కోలుకుంటున్నవాడు. తాళంచెవులు కూడా వాళ్ళ దగ్గరే ఉంటాయి.

నల్లకుంట:
కోలుకుంటున్నవాడంటే ఆస్పత్రి వాసన కొట్టడం లేదూ? అయినా మత్తయి 25లో రోగి, ఖైదీ పక్కపక్కనే. "రోగినై యుంటిని, నన్ను చూడ వచ్చితిరి, చెరసాలలో ఉంటిని, నాయొద్దకు వచ్చితిరి." గ్రీకులో రెండు వేర్వేరు క్రియలు, తెలుగులోనూ నిలబెట్టారు. రోగిని చూడాలి, బాగోగులు కనుక్కోవాలి. ఖైదీ దగ్గరికి ఊరికే వెళ్ళాలి. వకీలుగారి అభ్యంతరానికి నా జవాబు ఆ "యొద్దకు"లో ఉంది.

కోఠీ వకీలు:
వెళ్ళండి. చేతిలో కరపత్రం లేకుండా వెళ్ళండి.

తార్నాక మాస్టారు:
హైదరాబాద్‌లో కూర్చుని చెర గురించి ఇంత మాట్లాడి గోల్కొండ ఎక్కలేదేమిటి ఎవరూ! రామదాసు బందిఖానా చూశారా? పైనుంచి ఒక్క వెలుతురు చార. గోడ మీద చెక్కిన బొమ్మలు. పన్నెండేళ్ళంటారు. ఆయన "పలుకే బంగారమాయెనా" అంటే అది ఆఫెసిస్ కోసం అడగడం కాదు, ములాఖత్ కోసం అడగడం! పలకరింపు చాలు. నల్లకుంటవారి "యొద్దకు" అదే.

తిరుమలగిరి:
ఇంకో విడ్డూరం చూడండి. దాశరథీ కరుణాపయోనిధీ అని శతకం రాసినాయన గోల్కొండ చెరలో. దాశరథి ఇంటిపేరుగా పుట్టినాయన నిజామాబాద్ జైల్లో, గోడ మీద బొగ్గుతో పద్యం. మన దాశరథులకు జైలు తప్పలేదు.

అల్వాల్ అక్క:
రామదాసు గొంతులో దెప్పుడు ఉంటుంది, ఎవడబ్బ సొమ్మని అనేస్తాడు. దావీదూ అంతే. దేవుణ్ణి నిలదీసే చనువు చెర ఇస్తుందేమో.

తార్నాక మాస్టారు:
చెఱ.

బోయినపల్లి:
కూడిక అయిపోయింది. విడిచిపెట్టడం అని పెట్టాను, నల్లకుంటవారికి రుణపడ్డాను. ఎఫెసీ వాక్యం మాత్రం "చెరగా" అనే రాసిచ్చాను. తీరా తమ్ముడుగారి లైన్ సరిగ్గా అక్కడే ఆగిపోయింది. టీచరమ్మగారు లేచి నా కాగితం చూడకుండా, కంఠతా, "చెరను చెరపట్టి" అనేశారు. ఎవరూ ఉలిక్కిపడలేదు. వెనక వరసలో ఒక పెద్దాయన మాత్రం కూర్చున్నచోటి నుంచే "చెరగా, అమ్మా, చెరగా" అన్నారు.

నల్లకుంట:
ఆయన అడ్రసు సంపాదించండి.

తార్నాక మాస్టారు:
అటక ఎక్కడానికి మనవడు ఇంకా రాలేదు. ఈలోగా ఒక్క మాట చెప్పండి. ఆ పెద్దాయన ఏ ర పలికారు?