పంచాయతీ డబ్బు ఆర్వో ప్లాంటుకా, ఫిల్టర్ బెడ్లకా?

గోదారిగట్టు
డెల్టా ఊళ్లల్లో గ్రామసభ పెట్టినప్పుడల్లా ఇదే తగువు. ఉన్న నిధులతో ఆర్వో ప్లాంటు (నీళ్లని సన్నటి పొర దాటించి లవణాలు తీసేసేది) పెట్టాలని కొందరు, మంచినీళ్ల చెరువు, ఫిల్టర్ బెడ్లు బాగుచేసి బ్లీచింగ్ సరిగ్గా వెయ్యాలని ఇంకొందరు. నా మాట ముందే చెబుతున్నా: కాలవ నీళ్లు అందే ఊరికి ఆర్వో దండగ. గోదావరి కాలవ నీళ్లల్లో కరిగిన లవణాలు మామూలుగా లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపే ఉంటాయి. తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం, లవణాల వరకూ అవి తాగే నీళ్లే. కాలవ నీళ్లతో వచ్చే చిక్కు ఉప్పు కాదు, మట్టి, సూక్ష్మజీవులు. ఆ రెండూ ఇసుక బెడ్డుతోనూ క్లోరిన్‌తోనూ పోతాయి. ఆర్వో నీళ్లల్లో క్లోరిన్ ఉండదు కాబట్టి ప్లాంటు దాటాక వాటికి కాపలా లేదు. కడగని టిన్నులో పట్టి రెండు రోజులు ఉంచితే ఖర్చంతా వృథా.

ఉప్పుటేరు
కాలవ మొదట్లో ఉన్న ఊళ్లకి మీ మాట సరిపోతుందండి. సఖినేటిపల్లి, మలికిపురం, మొగల్తూరు మండలాల్లో సముద్రం వైపున్న ఊళ్ల సంగతేంటి? వేసవిలో కాలవలకి నీళ్లు ఆపేశాక చెరువు అడుగంటితే మిగిలేది ఉప్పు బోరే. లీటరుకి 300 మిల్లీగ్రాముల సోడియం ఉన్న నీళ్లు రోజుకి మూడు లీటర్లు తాగితే 900 మిల్లీగ్రాములు నీళ్లతోనే లోపలికెళ్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి పెట్టిన హద్దు 2,000. ఆవకాయ, ఎండుచేప ఇంకా లెక్కలోకి రానేలేదు.

బంగ్లాదేశ్ తీరంలోని దాకోప్‌లో లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్లతో కలిసి చేసిన పరిశోధన 2011లో వచ్చింది. ఎండాకాలంలో గర్భిణులకి తాగే నీళ్ల ద్వారానే రోజుకి 5 నుంచి 16 గ్రాముల సోడియం అందుతోందని అంచనా కట్టారు. ఆ కాలంలో గర్భిణుల్లో బీపీ ఎక్కువగా కనపడింది. ఇలాంటి ఊరికి ఆర్వో విలాసం ఎలా అవుతుంది?

ల్యాబ్ నోట్సు
ఇద్దరూ సగం సగం చెబుతున్నారు. అదే బంగ్లాదేశ్ నైరుతి తీరంలో ఎమొరీ విశ్వవిద్యాలయం వాళ్లు భాగస్వాములుగా చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. కాస్త ఉప్పగా ఉన్న నీళ్లు తాగేవాళ్లలో బీపీ, చప్పటి నీళ్లు తాగేవాళ్ల కంటే తక్కువగా తేలింది. ఉప్పు మంచిదని దానర్థం కాదు. ఆ నీళ్లల్లో కాల్షియం, మెగ్నీషియం కూడా ఎక్కువ, అవి సోడియం చేసే చెరుపుని కొంత తగ్గించి ఉంటాయని వాళ్ల వివరణ. ఇజ్రాయెల్‌లో సముద్రపు నీళ్లని శుద్ధి చేసి ఇస్తున్న ప్రాంతాల్లో, గుండెపోటు వచ్చినవాళ్లలో మరణాలు ఎక్కువగా ఉన్నాయని, ఒంట్లో మెగ్నీషియం తక్కువగా ఉందని బార్ ఇలాన్ విశ్వవిద్యాలయం వాళ్లు చూపించారు. ఇవి పరిశీలన అధ్యయనాలే, కారణం ఇదేనని తేల్చేవి కావు. అయినా లవణాలు 30కి, 40కి దించేసి "స్వచ్ఛమైన నీళ్లు" అని మురిసిపోవడం మాత్రం తప్పు.

ఉప్పు బోరున్న ఊరికి కలిపి ఇవ్వడమే దారి. లీటరుకి లవణాలు బోరు నీళ్లల్లో 1,600 మిల్లీగ్రాములు, ఆర్వో నీళ్లల్లో 50, మనకి కావల్సింది 300 అనుకుందాం. 300లోంచి 50 తీసేస్తే 250. 1,600లోంచి 50 తీసేస్తే 1,550. 250ని 1,550తో భాగిస్తే 0.16. అంటే 84 లీటర్ల ఆర్వో నీళ్లకి 16 లీటర్ల బోరు నీళ్లు. కలిపే ముందు బోరు నీళ్లల్లో నైట్రేటు, ఫ్లోరైడు, ఇనుము, ఆర్సెనిక్ చూపించాలి, మీటరు చూపే టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) అంకె వీటి గురించి ఏమీ చెప్పదు. కలిపే బోరు నీళ్లకి క్లోరినో, క్రిముల్ని చంపే యూవీ దీపమో తప్పనిసరి. చాలాచోట్ల పొరపాటు ఇక్కడే: ఆర్వో పొర దాటించిన నీళ్లకి యూవీ పెట్టి, పక్క పైపులో కలిపే పచ్చి నీళ్లని వదిలేస్తారు.

ఉప్పుటేరు
ఈ కలిపే పద్ధతికి నేను ఒప్పుకుంటా. క్లోరిన్ నీళ్లు మాత్రం జనం తాగరండి. వాసనొస్తే కుళాయి కట్టేసి టిన్ను కొనుక్కుంటారు. మనుషులు నీళ్లని కంటితోనూ ముక్కుతోనూ తేల్చుకుంటారు గానీ ల్యాబ్ రిపోర్టుతో కాదు.

పంపుహౌస్
వాసన రావడానికి కారణం క్లోరిన్ కాదండి, వేసే తీరు. డబ్బా లెక్కన ట్యాంకులో గుమ్మరిస్తే మొదటి వీధిలో ఘాటు, చివరి వీధిలో సున్నా.

60,000 లీటర్ల ట్యాంకుకి లీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున 120 గ్రాముల క్లోరిన్ కావాలి. బ్లీచింగ్ పౌడరులో 30 శాతం క్లోరిన్ బలముంటే 400 గ్రాముల పౌడరు. మన గాలిలో తేమకి, మూతి విప్పిన బస్తా బలం పడిపోతూ ఉంటుంది. అది 20 శాతానికి దిగితే 600 గ్రాములు వెయ్యాలి. అందుకే బస్తా చూసి కాదు, చివరి కుళాయి చూసి మోతాదు దిద్దుకోవాలి. పౌడరుని ప్లాస్టిక్ బకెట్లో కొద్ది నీళ్లతో ముద్ద చేసి, నీళ్లు నింపి కలిపి, సున్నం అడుక్కి దిగాక పైన తేరిన నీళ్లే ట్యాంకులో పొయ్యాలి. అడుగు సున్నం పోస్తే వాల్వులు పూడతాయి. అరగంట ఆగాకే నీళ్లు వదలాలి. చివరి ఇంటి దగ్గర లీటరుకి 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. నీళ్లు బురదగా ఉంటే ఎంత వేసినా మట్టే మింగేస్తుంది.

అప్పట్లో టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో ఉన్న ఎమీ పికరింగ్ బృందం బంగ్లాదేశ్‌లో ఢాకా ప్రాంతంలో ఉమ్మడి కుళాయిలకి, కరెంటు అక్కర్లేకుండా క్లోరిన్ కలిపే పరికరాలు బిగించింది. మోతాదు రుచి తెలియనంత తక్కువ పెట్టారు. పోల్చడానికి మిగతా కుళాయిల్లో విటమిన్ సి కలిపారు. 2019లో వచ్చిన ఫలితం: పిల్లల విరేచనాలు 23 శాతం తగ్గాయి. ఎవరి అలవాటూ మార్చనక్కర్లేదు, అదే అందులో గొప్ప.

డెల్టా ప్లీడరు
చట్టం వైపు ఒక్క మాట. తాగునీరు రాజ్యాంగం 11వ షెడ్యూల్లో పంచాయతీల అంశాల్లో ఉంది. మంచినీళ్లు 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు ఎం.వి. నాయుడు కేసులో చెప్పింది. పంచాయతీ ఆర్వో పెట్టి టిన్నుకింతని వసూలు చేస్తూ కుళాయి నీళ్లని గాలికొదిలేస్తే, కొనలేని ఇంటి హక్కు ఏమైనట్టు? నా అభ్యంతరం అక్కడే. ఆర్వో ఉండొచ్చు, కుళాయికి బదులుగా మాత్రం ఉండకూడదు.

గోదారిగట్టు
ప్లీడరు గారన్నదే నేనూ అనేది. తీరం ఊళ్లకి ఆర్వో కావాలని ఉప్పుటేరు గారు చెప్పింది ఒప్పుకుంటున్నా. కానీ అక్కడ కూడా ముందు చెరువు లెక్క చూడండి. 5,000 మందికి మనిషికి 55 లీటర్ల చొప్పున రోజుకి 2,75,000 లీటర్లు. అరవై రోజులు కాలవకి నీళ్లు ఆపితే కోటీ 65 లక్షల లీటర్లు. మూడు మీటర్ల లోతు నిలవ ఉన్నా, ఎండకి ఆవిరయ్యేది పోను, ఒకటిన్నర ఎకరం పైనే చెరువు కావాలి. అడుగు నీళ్లు, ఊట కింద పోయేవి కలిపితే రెండెకరాలు. గట్టు పక్కనే ఉప్పునీటి రొయ్యల చెరువు ఉంటే ఆ లెక్కంతా తలకిందులే, ఊట ఇటే వస్తుంది.

బెడ్ల సంగతికొస్తే, ఇసుక పైపొర రెండు మూడు సెంటీమీటర్లే చెక్కాలి. నీళ్లు దిగడం బాగా తగ్గినప్పుడే చెక్కాలి. ఆ పైన కట్టే జిగురు పొరే క్రిముల్ని తినేది. మొత్తం ఇసుక తోడి కడిగేస్తే అది మళ్లీ కట్టడానికి రోజులు పడుతుంది. అన్నాళ్లూ వచ్చేది తేటగా కనిపించే మురికి నీళ్లే. రెండు బెడ్లుంటే ఒకటి చెక్కినప్పుడు రెండోది నడవాలి. చెక్కిన బెడ్డు మొదటి నీళ్లు బయటికి వదిలెయ్యాలి.

ఉప్పుటేరు
చెరువు పక్క రొయ్యల గుంట ఉన్న ఊళ్లు తీరంలో ఎన్నో ఉన్నాయండి. అక్కడ ఊట ఆపడానికి ఏం చెయ్యాలి, అది కూడా రాయండి.

పంపుహౌస్
మంచినీళ్ల చెరువు గట్టుకీ రొయ్యల గుంట గట్టుకీ మధ్య, చెరువు అడుగు కన్నా లోతుగా ఊట కాలవ తవ్వి, ఆ నీళ్లు మురుగు కాలవలోకి తోడెయ్యాలి. చెరువు గట్టు మధ్యలో బంకమట్టి గోడ కూరాలి. నెలనెలా టీడీఎస్ మీటరుతో చెరువు నీళ్లు నాలుగు మూలలా చూడండి. గుంట వైపు మూల అంకె మిగతా మూడింటికన్నా పెరుగుతుంటే ఊట మొదలైనట్టే. ఆ అంకెలు తేదీలతో రాసి పెట్టుకుంటే, గుంట యజమాని మీద ఫిర్యాదుకి అవే పనికొస్తాయి.