కొచ్చి నుంచి విశాఖకి 12 అడుగుల కయాక్: చవగ్గా పంపేదెలా?

ప్రశ్న
వాడిన ప్లాస్టిక్ సిట్-ఆన్-టాప్ కయాక్ (పైన కూర్చుని తెడ్డు వేసే సన్నటి పడవ), బరువు 28 కిలోలు. కొరియర్ వాళ్ళు 205 కిలోలకి బిల్లు వేస్తామంటున్నారు. ఇదేం లెక్కండీ? వేరే దారి ఉందా?

తెడ్డు_తాత
వాల్యూమెట్రిక్ లెక్కండీ. 366 × 70 × 40 సెం.మీ.ని 5000తో భాగించండి, 205 వస్తుంది. మీరు కట్టేది బరువుకి కాదు, చోటుకి.

పార్సిల్ లారీ ఆఫీసులో పార్ట్ లోడ్‌గా (వేరేవాళ్ళ సరుకుతో కలిపి), గోడౌన్ నుంచి గోడౌన్‌కి బుక్ చేయండి. విశాఖలో ట్రాలీ ఆటో మాట్లాడుకుని మీరే తెచ్చుకుంటే డోర్ డెలివరీ ఛార్జీ తప్పుతుంది. కిలో రేటు ఒక్కటే అడిగి ఊరుకోకండి, సీఎఫ్‌టీకి (ఘనపుటడుగుకి) ఎన్ని కిలోలు లెక్క కడతారో కూడా అడగండి. మీది సుమారు 36 సీఎఫ్‌టీ. 6 కిలోల చొప్పున 216 కిలోలు, 10 చొప్పున 360! రేటు తక్కువ చెప్పి ఇక్కడ లాగేస్తారు. కొలత ప్యాకింగ్ అయ్యాకే తీస్తారు, చుట్టూ లావుగా చుట్టకండి.

ఉప్పుగాలి
ప్యాకింగ్ సంగతి. సీటు, రడ్డర్ (చుక్కాని) విప్పేయండి. దెబ్బ మొదట తగిలేది ముందు, వెనక కొనలకే, కాబట్టి మందం ఫోమ్ అక్కడ పెట్టండి. మిగతా ఒంటికి ఒక వరస బబుల్ ర్యాప్, పైన అట్ట, స్ట్రెచ్ ఫిల్మ్ చాలు. హ్యాచ్ (సామాను అర) మూతలు కాస్త వదులుగా, డ్రెయిన్ ప్లగ్ (నీళ్ళు వదిలే బిరడా) తీసి ఉంచండి. ఎండకి లోపలి గాలి వ్యాకోచిస్తుంది.

అసలు ప్రమాదం తాడుతో. వేడెక్కిన లారీలో రాట్చెట్ బెల్టు (మీటతో బిగించే పట్టీ) బిగిస్తే మీ కయాక్ లాంటి పాలిథిలీన్ ప్లాస్టిక్ అడుగు సొట్టపోతుంది. పక్కకి ఒరిగించి నిలబెట్టమనండి, "పైన సరుకు పెట్టరాదు" అని నాలుగు వైపులా రాయండి. సొట్ట పడినా కంగారొద్దు, మధ్యాహ్నపు ఎండలో ఉంచితే చాలావరకు తేరుకుంటుంది. ఫైబర్‌గ్లాస్‌కి మాత్రం ఆ అదృష్టం లేదు, అది పగులుతుంది.

తెడ్డు_తాత
చోటుకి ఎలాగూ డబ్బు కడుతున్నారు కదా, లైఫ్ జాకెట్ లాంటి తేలికవి అందులోనే కట్టేయండి. బరువైనవి వద్దు, లోపలి నుంచి సొట్ట చేస్తాయి.

ప్రశ్న అడిగినవారు
కాగితాలేమైనా కావాలా?

ఉప్పుగాలి
వాడిన సొంత వస్తువు అని డిక్లరేషన్ రాసివ్వండి, అలాంటివాటికి ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్టీ కింద తీసే పత్రం) మినహాయింపు ఉంది. ఎల్‌ఆర్ (లారీ ఆఫీసు ఇచ్చే రసీదు) మీద విలువ, "వాడినది" అన్న మాట ఉన్నాయో లేదో చూసుకోండి. "ఓనర్స్ రిస్క్" (నష్టం యజమానిదే) అని ఉంటే నష్టపరిహారం మీద ఆశ పెట్టుకోకండి. దించుకునేటప్పుడు సంతకానికి ముందే కట్టు విప్పి చూడండి, సొట్టలుంటే ఎల్‌ఆర్ మీదే రాయించండి.