విజిటర్ వీసాపై వచ్చిన అమ్మకు ప్రమాదం: టెక్సస్‌లో దావాకు గడువు ఎంత?

ప్రశ్న (ఇర్వింగ్ నుండి):
మా అమ్మగారు విజిటర్ వీసాపై వచ్చినప్పుడు, ఇక్కడి ఇండియన్ కిరాణా దుకాణం పార్కింగులో వెనక్కి వస్తున్న కారు ఢీకొట్టడంతో మణికట్టు విరిగింది, ప్లేటు వేశారు. ఆవిడ గుంటూరు తిరిగి వెళ్ళిపోయారు, ప్రమాదం జరిగి ఏడాదిన్నర కావస్తోంది. అవతలి కారు ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిమ్ చూసే అడ్జస్టరు ఎప్పుడు ఫోన్ చేసినా ఇంకో బిల్లు పంపమంటున్నారు. క్లెయిమ్ నంబరు ఉంది కనుక గడువు భయం లేనట్టేనా? లాయరును ఇక్కడే పెట్టుకోవాలా?

మొదటి జవాబు:
భయం ఉందండి. టెక్సస్‌లో శరీర గాయాల దావాకు గడువు సాధారణంగా 2 ఏళ్ళు, మీవంటి కేసులో ప్రమాదం జరిగిన రోజు నుంచే లెక్క. ఇన్సూరెన్స్ కంపెనీతో ఎన్ని నెలలు మాట్లాడినా, అమ్మగారు దేశంలో లేకపోయినా ఆ గడువు ఆగదు. కోర్టులో పిటిషన్ దాఖలు చేయడమే లెక్కలోకి వస్తుంది. ఆ తరువాత ప్రతివాదికి నోటీసు అందించడంలో జాప్యం చేసినా కేసు పోయే ప్రమాదం ఉంది. రెండేళ్ళు దాటిన మర్నాడు ఆ అడ్జస్టరుకు మీతో బేరమాడవలసిన అవసరమే ఉండదు. ఢీకొట్టింది నగరపాలక సంస్థ వాహనమైతే 6 నెలల్లోపే, కొన్ని నగరాల్లో అంతకన్నా ముందే, లిఖితపూర్వక నోటీసు ఇవ్వాల్సి ఉండేది. మీది ప్రైవేటు కారు కనుక ఆ చిక్కు లేదు.

రెండవ జవాబు:
ఇర్వింగ్ డాలస్ కౌంటీలోకి వస్తుంది కనుక, ఆ కౌంటీ కోర్టుల్లో తరచుగా వాదించే లాయరు మేలు. హైవే హోర్డింగు చూసి ఎంచుకోకండి. టెక్సస్ స్టేట్ బార్ (లాయర్ల రాష్ట్ర సంస్థ) వెబ్‌సైటులో పేరు కొడితే లైసెన్సుతో పాటు బహిరంగ క్రమశిక్షణ చర్యలు కూడా కనిపిస్తాయి. పర్సనల్ ఇంజురీలో, అంటే శరీర గాయాల కేసుల్లో, నైపుణ్యానికి ఇచ్చే బోర్డు సర్టిఫికేషన్ ఉందో లేదో అడగండి. పిలవకుండానే ఫోన్ చేసి కేసు ఇవ్వమనేవారిని దూరం పెట్టండి. కేసుల కోసం అలా వెంటపడడం ఇక్కడ నేరం. ఫీజు గెలిస్తేనే తీసుకుంటారు, సాధారణంగా మూడో వంతు, దావా వేశాక 40 శాతం వరకూ అడుగుతారు. ఖర్చులను ఆ వాటాకు ముందు మినహాయిస్తారా, తరువాతా అన్నది ఒప్పందంలో రాసి ఉండాలి. గాయపడింది అమ్మగారు కనుక సంతకం ఆవిడదే కావాలి, మీది చెల్లదు.

ప్రశ్నించినవారు:
చాలా కృతజ్ఞతలు. విజిటర్ ఇన్సూరెన్స్ వారు ఆసుపత్రి బిల్లులో కొంత కట్టారు. అది లాయరుకు చెప్పాలా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
తప్పక చెప్పండి, పరిహారం వస్తే వారు తమ సొమ్ము తిరిగి అడగవచ్చు. లాయరుతో మాట్లాడేవరకు, అడ్జస్టరు పంపే రిలీజ్ పత్రంపై (ఇక ఏమీ అడగబోమని రాసిచ్చేది) అమ్మగారిచేత సంతకం పెట్టించకండి, పెట్టాక కేసు తిరిగి తెరవడం దాదాపు అసాధ్యం. ఈ వారంలోనే ఇద్దరు ముగ్గురు లాయర్లతో మాట్లాడండి. చాలామంది మొదటి సంప్రదింపునకు డబ్బు తీసుకోరు, పైగా ఆఖరి నెలలో వచ్చిన కేసును కొందరు అసలు ముట్టుకోరు.