టెన్త్ అయిపోయింది, డిజైన్ వైపు పోవాలంటే ఇంటర్‌లో ఏ గ్రూప్ తీసుకోవాలి?

గుత్తిరోడ్డు_బాబాయి:
మాది అనంతపురం. మా అన్న కొడుక్కి పుస్తకం కంటే స్పానర్లంటే పిచ్చి. చెనిక్కాయలు ఒలిచే చేతి మిషన్ విప్పి, కింది జల్లెడకీ పైన ఆడే పళ్ళ పలకకీ మధ్య సందు ఎక్కువతక్కువ చేసుకునేట్టు బోల్టులు పెట్టినాడు, ఇప్పుడు పప్పు ముందంత పగలడం లేదు. ఇంగ్లండ్‌లో మా బంధువుల పాప ‘ఎ-లెవెల్’ అని మన ఇంటర్ లాంటి దాంట్లో డిజైన్ అండ్ టెక్నాలజీ చదువుతోంది, సగం మార్కులు సొంతంగా చేసే ప్రాజెక్టుకేనంట. మన దగ్గర అట్లాంటిది ఉందా? మా అన్న మాత్రం ఎంపీసీ, హాస్టల్, ఎంసెట్ అని కూర్చున్నాడు.

బీడెస్_అక్క:
మన ఇంటర్ బోర్డులో ఆ సబ్జెక్టు లేదండీ. సీబీఎస్‌ఈ 11, 12లో ఇంజనీరింగ్ గ్రాఫిక్స్ ఉంది, డిజైన్ థింకింగ్ అండ్ ఇన్నోవేషన్ కూడా ఉంది, కాకపోతే మీ దగ్గరి స్కూల్లో చెప్తారో లేదో అడగాలి. గ్రూప్ గురించి అంత టెన్షన్ వద్దు. ఐఐటీ బాంబే పెట్టే యూసీడ్, అంటే డిజైన్ డిగ్రీ (బీడెస్) ఎంట్రన్స్, ఏ గ్రూప్ వాళ్ళైనా రాయొచ్చు, ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఎంట్రన్స్ కూడా అంతే, 2015లో మొదలైన ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్ మన రాష్ట్రంలోనే ఉంది. ఆర్కిటెక్చర్‌కైతే మాత్రం మ్యాథ్స్ తప్పదు. అందుకే ఎంపీసీ చేరనీయండి, మీ అన్నతో గొడవ ఉండదు, ఏ దారీ మూసుకుపోదు. నాకు భయం హాస్టల్ గురించే: పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లంటే పిల్లోడు రెండేళ్ళు స్పానర్ ముట్టుకోడు, అట్లాంటి చోట వేయొద్దు.

పాలిటెక్నిక్_సార్:
పాలిసెట్ (పాలిటెక్నిక్ ఎంట్రన్స్) రాయించి డిప్లొమా మెకానికల్‌లో వేయడం కూడా ఆలోచించండి, మొదటి ఏడాది నుంచే డ్రాయింగ్, వర్క్‌షాప్ ఉంటాయి. ఇంకోటి, వాడు చేసిన పని కాగితం మీద పెట్టించండి. సందు ఎంత ఉంచితే ఎంత పప్పు పగిలింది, ఎంత కాయ ఒలవకుండా మిగిలింది, చిన్న కాయకి ఎంత, లావు కాయకి ఎంత, పనికిరాని మోడల్ బొమ్మతో సహా. మిషన్ ఫోటో ఒక్కటే చూపిస్తే ఎవరు చేశారో ఎవరికి తెలుస్తుంది? బోల్టులకి చెక్ నట్ (మొదటి నట్టు కదలకుండా దాని మీద బిగించే రెండో నట్టు) వేసినాడా, లేకుంటే అదురుకి వదులైపోతాయి.

గుత్తిరోడ్డు_బాబాయి:
చెక్ నట్ వేయలేదంట సార్, ఇప్పుడే అడిగినా. అక్కా, బొమ్మలు మాత్రం వాడికి సరిగ్గా రావు, కోచింగ్‌కి హైదరాబాద్ పంపాల్నా?

బీడెస్_అక్క:
అవసరం లేదు. యూసీడ్‌లో 300 మార్కులకి పార్ట్ బీ 100, గంటసేపు చేత్తో గీయాలి, మిగతా 200 కంప్యూటర్ మీద. పాత పేపర్లు వాళ్ళ సైట్‌లోనే ఫ్రీగా ఉన్నాయి, పరీక్ష జనవరిలో, అంటే ఇంటర్ పరీక్షలకి ముందే. రోజూ ఇంట్లో ఉండే ఏదో ఒక వస్తువు, కుక్కర్ మూతో సైకిల్ పెడలో, మూడు వైపుల నుంచి గీయమనండి.