వేడి చేసిన నీలం జాతిరాయేనా? శనికి పనికొస్తుందా?

నవరత్న:
సర్టిఫికెట్‌లో "సహజ నీలం, వేడి చేసిన ఆనవాళ్లున్నాయి" అని రాసిన రాయిని జాతినీలం అని అమ్ముతున్నారు. అది తప్పంటాను. గరుడ పురాణం మహానీలానికి చెప్పిన గుర్తు, తనకు నూరింతల పాలలో వేసినా పాలను నీలంగా చూపాలని. ఆ గుర్తు భూమిలో అబ్బిన రంగుకి. కొలిమిలో తెచ్చుకున్న రంగుకి అది ఎలా చెల్లుతుంది?

భూతద్దం:
రంగు కొలిమి పెట్టిందేమీ కాదండీ. నీలం అంటే అల్యూమినియం ఆక్సైడ్. అందులో ఇనుము, టైటానియం పక్కపక్కన కుదిరితేనే నీలిరంగు. శ్రీలంకలో దొరికే గ్యూడా రాళ్లలో టైటానియం చాలావరకు సన్నటి రూటైల్ (టైటానియం ఆక్సైడ్) సూదులుగా విడిపోయి ఉంటుంది. అందుకే రాయి పాలు కలిపినట్టు మసగ్గా ఉంటుంది. ఆక్సిజన్ తక్కువగా ఉన్న కొలిమిలో 1600 డిగ్రీలు దాటిస్తే ఆ సూదులు కరిగి, టైటానియం ఇనుము పక్కకు చేరుతుంది. బయటినుంచి ఏదీ కలవలేదు కదా! ఇక పాల పరీక్ష చూసేది రంగు ముదురుని, పుట్టుకని కాదు. ముదురు నీలం గాజుముక్క కూడా అందులో నెగ్గేస్తుంది.

రాళ్లపని:
మీరిద్దరూ వేడి దగ్గరే ఆగిపోయారు. కొనేవాళ్లు మునిగేది వేరేచోట. కొలిమిలో బయటినుంచి టైటానియం పట్టించిన రాళ్లలో రంగు పైపొరకే ఉంటుంది, అర మిల్లీమీటరు కూడా ఉండదు. తెల్ల పింగాణీ కప్పులో నీళ్లు పోసి రాయిని ముంచండి. పది రెట్ల భూతద్దంతో చూస్తే పట్టెల అంచుల వెంబడి రంగు గీతలు గీసినట్టు ముదురుగా కనిపిస్తుంది, మధ్య భాగం వెలవెలబోతుంది. అలాంటి రాయిని మళ్లీ సానపడితే రంగు పోతుంది. అలాగే బెరీలియం పట్టిస్తే మాత్రం అది లోతుకి దిగుతుంది, అది ల్యాబ్‌లోనే తేలాలి. అన్నిటికన్నా నాసి, పగుళ్లలో కోబాల్ట్ గాజు నింపినవి. రంగంతా పగుళ్ల వెంట పోగుపడి ఉంటుంది.

నవరత్న:
అవి రాళ్లే కావని ఒప్పుకుంటాను. కానీ ఒట్టి వేడి అయినా కొనేవాడికి చెప్పి తీరాలి. వేడి తగలని రాయికి ధర ఎక్కువ, ఆ తేడా దాచడం మోసమే. భూతద్దంతో తేల్చగలమా?

భూతద్దం:
కొంతవరకు. సూదులు తెగకుండా, నిగనిగలాడుతూ మూడు దిక్కుల్లో 60 డిగ్రీల కోణంలో అల్లుకుని ఉంటే పెద్ద వేడి తగల్లేదు. చుక్కచుక్కలుగా తెగి ఉంటే తగిలింది. లోపలి స్ఫటికం చుట్టూ పళ్లెంలా గుండ్రటి పగులు కనిపించినా అనుమానించాల్సిందే. తక్కువ వేడి మాత్రం కంటికి చిక్కదు, దానికి ఇన్‌ఫ్రారెడ్ పరీక్ష కావాలి. ఇంకో మాట: సర్టిఫికెట్‌లో "సహజ" అన్న ఒక్క మాట చాలదు. అది భూమిలో పుట్టిందనే చెబుతుంది, వేడి సంగతి చెప్పదు. "వేడి చేసిన ఆనవాళ్లు లేవు" అన్న వాక్యం విడిగా ఉందో లేదో చూడండి.

నవరత్న:
అయితే నా పట్టు ఇదే. నగకి వేడి చేసిన రాయి పెట్టుకోండి, అభ్యంతరం లేదు. శనికి మధ్యవేలికి పెట్టేదానికి ఆ వాక్యం ఉండాల్సిందే.

రాళ్లపని:
ఏ రాయైనా సరే, ఉంగరం సైజు మార్చేటప్పుడు ముందు రాయి తీయించండి. వెలిగారం పూసి మంట పెడితే నీలం పైన కూడా గరుకు మచ్చలు పడతాయి, మళ్లీ మెరుగు పెట్టేదాకా పోవు. గాజు నింపిన రాయికి ఆ మంట సోకితే ఇక దాని పని అంతే.