పికప్‌కి ఇంజన్ ఆయిల్ ఐదు వేలకే మార్చాలా, పుస్తకంలో ఉన్నంత వరకు ఆగాలా? హౌసింగ్ ఆయిల్ సంగతేంటి?

గట్టుమీదబండి (అల్లూరు, నెల్లూరు జిల్లా)
నాది బీఎస్6 (2020 నాటి కొత్త పొగ నిబంధనల) డీజిల్ పికప్. రొయ్యల మేత, ఐసు, పట్టుబడి రోజున సరుకు, ఇదే దాని పని. మా మేస్త్రి ఐదు వేల కిలోమీటర్లకు ఇంజన్ ఆయిల్ మార్చి తీరాలంటాడు. సర్వీస్ సెంటర్లో అడిగితే బండితో వచ్చిన కంపెనీ పుస్తకంలో ఉన్నంత వరకు తిప్పుకోవచ్చు అంటారు. పుస్తకంలో దానికి కొన్ని రెట్ల దూరం ఉంది. వెనక హౌసింగ్ (వెనక ఇరుసులో గేర్లుండే పెట్టె) ఆయిల్ గురించి మాత్రం ఇద్దరూ నోరు మెదపలేదు. ఎవరి మాట వినమంటారు?

హైవేరాజా (ఒంగోలు)
ఐదు వేలు అనేది పాత డీజిల్ కాలం నాటి లెక్క అన్నా. బీఎస్3 డీజిల్‌లో గంధకం 350 పీపీఎం (పది లక్షల పాళ్లలో 350) దాకా ఉండేది, బీఎస్4లో 50. 2020 ఏప్రిల్ నుంచి 10. గంధకం కాలితే ఆమ్లం పుడుతుంది, దాన్ని విరవడానికి ఆయిల్‌లో క్షారం కలుపుతారు. ఆమ్లం తగ్గింది కాబట్టి ఆ క్షారం ఎక్కువ రోజులు నిలుస్తుంది. నేను ఒంగోలు నుంచి చెన్నైకి లోడు తోలుతాను, పుస్తకం ప్రకారమే మారుస్తాను. ఇంతవరకు ఇంజన్ విప్పిందే లేదు. ఐదు వేలకోసారి మార్చడం అంటే మంచి ఆయిల్ పారబోయడమే.

షెడ్డుమేస్త్రి (నెల్లూరు)
చెన్నై రోడ్డు మీద తోలేవాళ్లు చెప్పడం తేలికే. ఆ పుస్తకం రాసినవాళ్లు అల్లూరు రొయ్యల గుంటల గట్ల మీద లోడుతో ఒక్కసారైనా తోలారా? మా షెడ్డుకి వచ్చే బండ్లలో ఆయిల్ వారానికే నల్లగా అయిపోతోంది. ఇంజన్ బోరు (సిలిండర్ లోపలి గోడ) అరిగిపోయాక పుస్తకం పట్టుకుని ఏడిస్తే ఎవరొస్తారు?

హైవేరాజా
డీజిల్ ఇంజన్లో ఆయిల్ నల్లబడకపోతేనే అనుమానించాలి మేస్త్రీ. మసి ఒకచోట పేరుకోకుండా తనలో కలిపి ఉంచుకోవడం ఆయిల్ పనే. రంగు చూసి మార్చేటట్లయితే వారం వారం మార్చాలి.

చీమకుర్తిదుమ్ము (ప్రకాశం జిల్లా)
రంగు విషయంలో హైవేరాజా మాట నిజం. ఐదు వేలు అన్న అంకెకి ఆధారం లేదన్నది కూడా నిజమే. కానీ అదే పుస్తకంలో ఇంకో పేజీ తిప్పితే కఠిన వాడకం అని విడిగా ఉంటుంది. దుమ్ము, పూర్తి లోడు, తక్కువ వేగం, చిన్న చిన్న ట్రిప్పులు, బండి ఆపి ఇంజన్ ఆన్‌లో ఉంచడం, ఇలాంటివి అందులోకి వస్తాయి. అలా వాడే బండికి దూరం తగ్గించి రాస్తారు. ఒంగోలు, చెన్నై మధ్య తిరిగే బండి మొదటి పేజీది. మా క్వారీ బండ్లు, అల్లూరు గట్ల బండ్లు రెండో పేజీవి. మీ ఇద్దరి తగాదా అంతా వేరే వేరే పేజీలు చదవడం వల్లే.

ట్రాక్టర్‌కి గంటల మీటరు చూసి ఆయిల్ మారుస్తాం కదా, పికప్‌కి కిలోమీటర్లే ఎందుకు చూస్తున్నాం? సెకండ్ గేర్లో గట్టు మీద గంట తోలితే మీటరు పది పదిహేను కిలోమీటర్లు దాటదు. హైవే మీద అదే గంటలో అరవై అవుతుంది. ఇంజన్ తిరిగింది మాత్రం గంటే.

బీఎస్6 బండ్లలో ఇంకో చిక్కుంది. సైలెన్సర్ లైన్లో డీపీఎఫ్ అనే మసి ఫిల్టర్ ఉంటుంది. అందులో చేరిన మసిని కాల్చడానికి బండి అప్పుడప్పుడు డీజిల్ ఎక్కువ కొడుతుంది. చాలా ఇంజన్లలో ఆ అదనపు డీజిల్ సిలిండర్లోకే పోతుంది. అది కాలడం పూర్తికాకముందే బండి ఆపేస్తుంటే కొంత డీజిల్ గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గకుండా పెరుగుతుంటే సంతోషించకండి. ఆయిల్ పలచబడింది, వెంటనే మార్చండి, అంకెతో పనిలేదు. పోసేది కూడా పుస్తకంలో రాసిన గ్రేడే అయి ఉండాలి. మసి కాలిపోతుంది గానీ ఆయిల్‌లోని రసాయనాల బూడిద కాలదు, ఆ ఫిల్టర్లోనే పేరుకుపోతుంది. సీకే-4 అనే గ్రేడు ఆయిళ్లలో బూడిద ఒక శాతం దాటకూడదన్న హద్దు అందుకే. పాత బండి కోసం కొన్న డబ్బా మిగిలింది కదా అని ఇందులో ఒంపితే ఫిల్టర్ ఖర్చు మీదే.

ఇక హౌసింగ్. ఇంజన్ ఆయిల్ మీద ఇంత కొట్లాట, దాని గురించి ఒక్కరూ ఎత్తలేదు. లోడంతా మోసేది వెనక ఇరుసు. అందులో ఆయిల్‌ని వడకట్టే ఫిల్టర్ ఉండదు, అరిగిన పొడి అందులోనే తిరుగుతుంటుంది. గట్టు బండికి అసలు ప్రమాదం నీళ్లు. లోడు తోలాక హౌసింగ్ కాలుతూ ఉంటుంది. ఆ వేడి మీద నీళ్లలోకి దింపితే లోపలి గాలి ఒక్కసారి చల్లబడి కుంచించుకుపోతుంది, బ్రీదర్ అనే గాలి రంధ్రం గుండా, సీళ్ల గుండా నీళ్లు లాక్కుంటుంది. మీ దగ్గర అవి ఉప్పు నీళ్లు, బేరింగులు తుప్పు పట్టడానికి ఎక్కువ రోజులు పట్టదు. అల్లూరు అన్నా, మీరు ఇంజన్ సంగతి తర్వాత చూసుకోండి, ముందు హౌసింగ్ పై ప్లగ్గు తీయించి వేలు పెట్టి చూడండి.

షెడ్డుమేస్త్రి
హౌసింగ్ మాట ఒప్పుకుంటా. ఊళ శబ్దం మొదలయ్యేదాకా దాని జోలికి రారు. అయితే రోహిణి కార్తె ఎండలకి అందులో 90 నంబరు ఆయిల్ నిలవదు, అంతకంటే చిక్కటి 140 పోయాలి. ఇంజన్‌కి కూడా చిక్కటి 20డబ్ల్యూ-50 మేలు.

హైవేరాజా
హౌసింగ్‌లో 85డబ్ల్యూ-140 కంపెనీ ఒప్పుకుంటే సరే, బరువు బండ్లకు కొందరు రాస్తారు కూడా. బీఎస్6 ఇంజన్లో 20డబ్ల్యూ-50 మాత్రం వద్దు. 15డబ్ల్యూ-40లో ఆ 40 అనేది 100 డిగ్రీల దగ్గర చిక్కదనాన్నే చెబుతుంది, మన ఎండకి అది తట్టుకుంటుంది. చాలా బండ్ల హౌసింగ్‌కి జీఎల్-5 రకం గేర్ ఆయిల్ అడుగుతారు. అది బాగుందని గేర్‌బాక్సులో కూడా పోస్తే గేరు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులు దెబ్బతినొచ్చు. అక్కడ జీఎల్-4 రాసి ఉంటే జీఎల్-4 పోయాలి.

గట్టుమీదబండి
నిన్న సాయంత్రం తీయించాను. పాలు కలిసిన కాఫీలా ఉంది. శబ్దం అయితే ఏమీ లేదు. ఇప్పుడేం చేయమంటారు?

చీమకుర్తిదుమ్ము
నీళ్లు చేరినట్లే. అలా తోలకండి. కొద్దిగా తిప్పి ఆయిల్ వేడెక్కాక, సమంగా ఉన్న నేల మీద నిలిపి మార్పించండి. ముందు పై ప్లగ్గు ఊడుతుందో లేదో చూశాకే కింది ప్లగ్గు విప్పాలి. కింద అంతా కార్చేశాక పైది తుప్పు పట్టి రాకపోతే బండి అక్కడే ఆగిపోతుంది. అయస్కాంతం ఉన్న ప్లగ్గుకి మెత్తటి బూడిదరంగు ముద్ద ఉంటే మామూలే. ముక్కలు కనిపిస్తే మాత్రం విప్పించాల్సిందే. కొత్త ఆయిల్ పై రంధ్రం అంచు దాకా పోయండి. కొన్ని రోజులు తోలాక మళ్లీ చూడండి, తెల్లబడి ఉంటే రెండోసారి మార్చండి. బ్రీదర్ మట్టితో పూడి ఉంటుంది, దాన్ని శుభ్రం చేయించకుండా ఆయిల్ ఒక్కటే మారిస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది.

హైవేరాజా
వారంటీ ఉంటే బిల్లు తీసుకోండి, దాని మీద కిలోమీటర్లు, ఆయిల్ గ్రేడు రాయించుకోండి.

షెడ్డుమేస్త్రి
మా షెడ్డుకే తీసుకురా అబ్బయ్యా, చక్రాల సీళ్లు కూడా చూస్తా, అక్కడ కారితే ఆయిల్ బ్రేకు డ్రమ్ములోకి పోతుంది. గట్టు మీదే మార్పించుకునేటట్లయితే పాత ఆయిల్ డబ్బాలో పట్టు. చుక్క కూడా రొయ్యల గుంటలోకి పోనియ్యొద్దు, మేత డబ్బులు కూడా రావు.